రశీదు మీద పేరెవరిది?

నెల్లూరు వేదాయపాళెంలో ఫ్లాట్ కొని, అందులో అమ్మానాయనలను ఉంచి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒకాయన రాశారు: ‘మెయింటెనెన్స్ నెలకు 2,500. ఎనిమిది నెలలుగా నాయన కట్టలేదు. ఉండేది మొదటి అంతస్తు, లిఫ్ట్ ఎక్కం, మేమెందుకు కట్టాలంటాడు. నోటీసు బోర్డు మీద బాకీ రాశారు. సెక్రటరీ ఫోన్ చేస్తే 20,000 నేనే పంపేశాను. అప్పట్నుంచి నాయన నాతో మాట్లాడటం లేదు. అసలు ఇదంతా కట్టాలా?’

కట్టాలి. లిఫ్ట్ ఎక్కినా ఎక్కకపోయినా, ఇంటికి తాళం వేసుకున్నా కట్టాల్సిందే. ఫ్లాటుతో పాటు స్థలంలో విడదీయని వాటా కూడా రాసిచ్చారు కదా. మెట్లు, సంపు, లిఫ్ట్ అందరివీ. వాచ్‌మన్ జీతం, మోటారు కరెంటు, లిఫ్ట్ సర్వీసు, జనరేటర్ డీజిల్ ఆ 2,500లోంచే పోతాయి. కొన్నప్పుడు కట్టే కార్పస్ ఫండ్ వేరు, అది పెద్ద ఖర్చులకు దాచే సొమ్ము. కార్పొరేషన్‌కు ఆరు నెలలకోసారి కట్టే ఇంటిపన్ను ఇంకా వేరు. మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటకపోతే జీఎస్టీ ఉండదు, మీకా గొడవ లేదు. ఇక దీని గురించి నన్ను అడగకండి.

మీ ఉత్తరంలో ‘నా ఫ్లాట్’ అని నాలుగుసార్లు రాశారు. చివర్లో, ఓ మూల, ‘పొదలకూరు దగ్గర నిమ్మతోట అమ్మిన డబ్బు కూడా కొంత వేశారు’ అని ఒక్క ముక్క. నాకు చివుక్కుమన్నది అక్కడే.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ తానుండే ఇంటికి నెలనెలా ఎవరికో డబ్బు కట్టి ఎరగడాయన. ఇప్పుడు ఒకటో తారీఖు వస్తే కొడుక్కి ఫోన్ చేసి ‘డబ్బు పంపు’ అనాలి. ‘అడిగితే వెంటనే పంపుతాను’ అని మీరే రాశారు. అడిగితే! ఆ మాట నోటికి రాకే లిఫ్ట్ మీద వంక పెట్టాడని నా అనుమానం. తండ్రి అడగకముందే పంపాలన్న ఇంగితం కొడుక్కి ఉండాలి. పాతకాలపు మాట అనుకుంటే అనుకోండి.

పైగా ఆయన సెక్రటరీని లెక్కలు అడిగాడని, అదేదో పరువుతక్కువ పనైనట్టు రాశారు. నిమ్మకాయల బస్తాలకు కమీషన్ ఎంత పట్టుకున్నారో పైసాతో సహా చూసుకున్న మనిషి, డీజిల్‌కు ఎంతయిందని అడగడా? జమాఖర్చులు చూపించడం అసోసియేషన్ పని. డబ్బు ఆపడం ఒక్కటే ఆయన చేసిన పొరపాటు. మీరేమో ఆయన్ని దాటి, ఎవరితో తగవు పడ్డాడో ఆ సెక్రటరీకే డబ్బు పంపారు. బోర్డు మీద బాకీ కొట్టేసి, పక్కన మీ పేరు రాశారట. పొద్దున్నే పాలప్యాకెట్టుకు దిగి ఆయన అది చదివాడు. ఆయనకంటే ముందు ఎంతమంది చదివారో.

ఏడాదికి సరిపడా 30,000 ఇప్పుడే ఆయన ఖాతాలో వేయండి. పైన ఇంకో పదివేలు. రంగులనో, మోటారు కాలిందనో మధ్యలో అడుగుతూనే ఉంటారు. ఆయనే కట్టి, ఆయన చేత్తోనే రశీదు తీసుకోవాలి. మీ తరఫున మీటింగులో ఆయన కూర్చుంటాడని అసోసియేషన్‌కు కాగితం రాసివ్వండి. అసోసియేషన్ నియమాలు (బైలాస్) ఒప్పుకోవంటే మీరే వచ్చి ఆయన పక్కన కూర్చోండి. బెంగళూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి నెల్లూరులో దిగుతారు.

అంతకుముందు ఫోన్ చేయండి. అమ్మకు చేసి ‘నాయనకు చెప్పు’ అనకండి, ఆయనకే చేయండి.