ఫోనులో యాంటెన్నాల మధ్య ఎడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా 3.5 గిగాహెర్ట్జ్ 5జీ ఫోనుకి రెండు యాంటెన్నాలు డిజైన్ చేస్తున్నాం. బోర్డు 150 × 75 మి.మీ., 0.8 మి.మీ. మందం ఎఫ్ఆర్4 (గాజునార, ఎపాక్సీలతో చేసే మామూలు సర్క్యూట్ బోర్డు). రెండూ పొడవాటి అంచు మీదే, 10 మి.మీ. ఎడంతో పెట్టాం. ఎస్21 (ఒకదాని పవర్ రెండోదానిలోకి ఎంత దిగుతోందో చెప్పే కొలత) మైనస్ 7 డీబీ దగ్గరే ఆగిపోయింది. మా గైడు గారు మైనస్ 20 తెమ్మంటున్నారు. ఏం చేయాలి?
– ఒక బీటెక్ విద్యార్థిని, కావలి

జవాబు: మైనస్ 7 అంటే ఒక యాంటెన్నాకి ఇచ్చిన పవర్లో 20 శాతం గాల్లోకి పోకుండా పక్కదాని పోర్టులోకి దిగిపోతోందమ్మా. మైనస్ 10కి తెస్తే ఆ నష్టం 10 శాతం, మైనస్ 15కి 3 శాతం. అక్కడి నుంచి 20కి పోయినా మీకు దక్కేది మరో 2 శాతమే. కనుక 15 దాటాక దాని కోసం నెలలు పోగొట్టుకోవద్దని మా గట్టి మాట. గైడు గారికీ ఈ లెక్క చూపించండి.

ముందు ఒక పోర్టుకే పవరిచ్చి, రెండోదానికి 50 ఓముల లోడు పెట్టి, గ్రౌండులో కరెంటు ఎటు పారుతోందో చూడండి. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 86 మి.మీ., అందులో సగం 43. మీరిచ్చిన ఎడం 10. పైగా రెండూ ఒకే అంచున, ఒకే దిక్కుగా ఉన్నాయి. ఒకదాని కరెంటు అంచు వెంబడే పోయి రెండోదాని ఫీడు (పవర్ అందించే చోటు) కింద చేరుతుంది. కాబట్టి మొదట చోటు మార్చండి: ఒకటి పొడవాటి అంచున, రెండోది పొట్టి అంచున, ఎదురెదురు మూలల్లో. చాలాసార్లు ఇంతటితోనే పని అవుతుంది.

ఒకే అంచున ఉంచక తప్పదంటే, రెంటి నడుమ గ్రౌండు అంచు నుంచి లోపలికి 1 మి.మీ. వెడల్పున గాడి కోయండి. దాని పొడవు పావు తరంగం ఉండాలి. గాలిలో అయితే 21 మి.మీ., ఎఫ్ఆర్4 మీద అంతకన్నా తక్కువ. 17తో మొదలుపెట్టి అర మి.మీ. చొప్పున అటూ ఇటూ మార్చి చూడండి. ఫీడు లైను కిందుగా మాత్రం గాడి పోకూడదు. గాడి పెట్టాక యాంటెన్నా ట్యూనింగ్ పక్కకి తప్పుతుంది, మళ్లీ సరిచేయాలి. గాడి మీద బ్యాటరీ రేకు పడితే ఆ గాడి పనిచేయదు. అందుకే సిమ్యులేషన్లో బ్యాటరీని, స్క్రీనునీ ముందే పెట్టుకోండి.

ఇక ఎక్కువమంది పడే గుంట ఇది. ఎఫ్ఆర్4లో నష్టం ఎక్కువ, ఆ నష్టాన్ని చెప్పే లాస్ టాంజెంట్ 0.02 వరకు ఉంటుంది. పవరంతా బోర్డులో వేడిగా మారిపోయినా ఎస్21 తగ్గినట్టే కనబడుతుంది! టోటల్ ఎఫిషియెన్సీ (ఇచ్చిన పవర్లో గాల్లోకి పోయే వంతు) 50 శాతం పైన ఉందో లేదో పక్కనే చూసుకుంటూ ఉండండి. ఎస్21 లాంటి ఎస్-పారామీటర్లతో ఈసీసీ (రెండు యాంటెన్నాలూ ఎంత ఒకేలా వింటున్నాయో చెప్పే అంకె) లెక్కగట్టే సూత్రం నష్టంలేని యాంటెన్నాలకే చెల్లుతుంది. మీ బోర్డుకి వాడితే లేని గొప్ప చూపిస్తుంది. ఫార్ ఫీల్డ్ ప్యాటర్న్ల (దూరాన ఏ దిక్కుకి ఎంత సిగ్నల్ పోతోందో చూపేవి) నుంచే ఈసీసీ తీయండి. 0.5 లోపు ఉంటే పనికొస్తుంది, 0.1 లోపు ఉంటే మేలు.

ప్రశ్న: డిస్ప్లే మార్చాక ఫోనులో కాల్స్ బాగున్నాయి, సిగ్నల్ పాయింట్లు నిండుగా ఉన్నాయి, 5జీ స్పీడు మాత్రం సగానికి పడింది. కస్టమరు ఒప్పుకోవడం లేదు.
– సెల్ రిపేరు షాపు, నెల్లూరు

జవాబు: కస్టమరు చెప్పేది నిజమే అయివుంటుంది. మెటల్ ఫ్రేములో ప్లాస్టిక్ గీతలతో విడదీసిన ఒక్కో ముక్కా ఒక్కో యాంటెన్నా. 5జీ డేటా అందుకునే నాలుగింటిలో ఒకటి రెండు తెగిపోయినా, మిగిలినవి పాయింట్లు నిండుగానే చూపిస్తాయి. ఒకేసారి వచ్చే డేటా ధారలు మాత్రం తగ్గిపోతాయి. బోర్డు మీది స్ప్రింగ్ కాంటాక్టులు అణిగిపోయాయేమో చూసి, మెల్లగా పైకెత్తి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడవండి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ల ఫోన్లలో అక్కడ పచ్చటి చిలుము పడుతుంది. కింది బోర్డుకి పోయే సన్నటి కోయాక్స్ కేబులు తలకాయ సరిగా నొక్కుకుందా అన్నది రెండోది. బయట కొన్న డిస్ప్లే వెనక రాగి రేకు యాంటెన్నా చోటు మీదికి వచ్చిందా అన్నది మూడోది. కొన్ని ఫోన్ల ఇంజనీరింగ్ మెనూలో ఒక్కో యాంటెన్నా సిగ్నల్ విడిగా కనిపిస్తుంది. ఫోనును ఎటు తిప్పినా ఒకటి మిగతావాటికన్నా 10 డీబీకి మించి తక్కువగానే ఉంటే తప్పు దాని దారిలోనే వెతకండి.

ప్రశ్న: రొయ్యల గుంటల గట్టు మీద నిలబడితే టవరు కళ్లకు కనిపిస్తుంది, సిగ్నల్ నిండుగా ఉంటుంది. అయినా ఒంగోలు బజార్లో వచ్చినంత స్పీడు రాదు. ఎందుకని?
– ఒక రైతు, కొత్తపట్నం

జవాబు: బజార్లో సిగ్నల్ గోడలకు తగిలి నలుదిక్కుల నుంచీ వస్తుంది. నాలుగు యాంటెన్నాలకి నాలుగు రకాలుగా అందుతుంది కాబట్టి ఫోను నాలుగు ధారల దాకా విడదీసుకోగలదు. చదునైన గుంటల మీద టవరు నుంచి సూటిగా ఒకే దారి. నాలుగు యాంటెన్నాలూ ఇంచుమించు ఒకటే వింటాయి. తరంగం కంపించే రెండు దిక్కుల వల్ల రెండు ధారలు మాత్రం నిలుస్తాయి. ఇంకో కారణం బ్యాండు. దూరం పారే 700 మెగాహెర్ట్జ్‌లో 10 మెగాహెర్ట్జ్ వెడల్పే దొరికితే, 3.5 గిగాహెర్ట్జ్‌లో 100 దాకా దొరుకుతుంది. పాయింట్లు బలాన్ని చెబుతాయి, వెడల్పును చెప్పవు. మీ ఫోను ఏ బ్యాండులో ఉందో చూడండి. 700 అయితే ఫోను మార్చినా లాభం ఉండదు.

ప్రశ్న: 6జీ ఫోన్లలో ఎనిమిది యాంటెన్నాలు పడతాయా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: 6జీ కోసం 7 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండును పరిశీలిస్తున్నారు. అక్కడ సగం తరంగం 21 మి.మీ. మాత్రమే, కాబట్టి ఎనిమిది పట్టే చోటుంటుంది. చిక్కంతా 700 మెగాహెర్ట్జ్‌తోనే. అక్కడ సగం తరంగం 214 మి.మీ., అంటే ఫోను కన్నా పొడుగు. బోర్డు మొత్తం ఒకే యాంటెన్నాలా పనిచేస్తుంది. రెండోది ఎక్కడ పెట్టినా మొదటిదాంతో కలిసే పలుకుతుంది.