విచారణలు కలిసినా గుడి ఊరిదే

ప్రశ్న: ఫ్రాన్స్ పల్లెల్లో ఒక్కొక్క కథోలిక గురువు (ఫాదర్) ఇరవై గుళ్ళు (చర్చిలు) చూసుకుంటున్నారని విన్నాను. విచారణలను (ఒక గురువు చూసుకునే స్థానిక సంఘాలను, అంటే పారిష్‌లను) ఇలా కలపడం గురువులు కరువయ్యాకే మొదలైందా? కలిపాక పాత గుళ్ళు ఏమవుతాయి?
– ఒక పాఠకురాలు, ఫిరంగిపురం

జవాబు: గురువుల కొరత ఇప్పటి కారణమే గాని, కలపడం మాత్రం పాత సంగతే. ఫ్రెంచ్ విప్లవ ప్రభుత్వం 1790 జూలైలో చేసిన శాసనం మేత్రాసనాలను (ఒక్కొక్క బిషప్పు కింద ఉండే ప్రాంతాలను) పాలనా విభాగాలకు సరిపడేలా 83కు కుదించి, ఆరు వేల జనాభా దాటని పట్టణానికి ఒక్క విచారణ చాలునని తేల్చింది. 1801లో నెపోలియన్‌కూ పోపుగారికీ ఒడంబడిక కుదిరాక సైతం, హద్దులు గీయడంలో బిషప్పులతో పాటు సర్కారు అధికారులూ కూర్చున్నారు. 19వ శతాబ్దంలో పల్లె విచారణలు మళ్ళీ పెరిగాయి.

20వ శతాబ్దపు కథ వేరు. 1950 ప్రాంతంలో ఏటా సుమారు వెయ్యి మంది గురుపట్టం పొందిన ఆ దేశంలో ఇప్పుడా సంఖ్య వందకు అటూ ఇటూగా ఉంటోంది. పైగా పల్లెలే ఖాళీ అయ్యాయి. అందువల్ల అనేక మేత్రాసనాలు పదుల కొద్దీ పాత విచారణలను ఒక్కటిగా చేశాయి. ఈ ఆదివారం బలిపూజ (మాస్) ఏ ఊళ్ళో ఉందో గుడి తలుపు మీద అంటించిన కాగితం చూసి తెలుసుకుని, జనం కార్లలో అక్కడికి వెళతారు.

ఇక గుడి సంగతి. 1905 నాటి చట్టం రాజ్యాన్ని మతం నుంచి వేరు చేసింది. దాని ఫలితంగా అప్పటికే ఉన్న ఊరి గుళ్ళు ఊరి పురపాలక సంస్థ ఆస్తిగా, ప్రధానాలయాలు (బిషప్పు ఉండే పెద్ద గుళ్ళు, కథీడ్రల్‌లు) చాలావరకు ప్రభుత్వ ఆస్తిగా మిగిలాయి. కనుక విచారణ రద్దయినంత మాత్రాన గుడి పోదు. కప్పు కారితే మేయరు చూసుకోవాలి, పూజకు వాడుకునే హక్కు కథోలికులదే. (అల్సాస్, మొసెల్ ప్రాంతాలు అప్పట్లో జర్మనీలో ఉన్నందున అక్కడ నేటికీ 1801 నాటి ఒడంబడికే నడుస్తోంది.)

ఫ్రాన్స్‌లోని పొయితియే మేత్రాసనంలో బిషప్పు ఆల్బెర్ రూయె గారు 1990ల్లో వేరే దారి పట్టారు. ఊళ్ళను కలిపి ఊరుకోకుండా, ప్రార్థన, విశ్వాస బోధ, పేదల సేవ, డబ్బు లెక్కలు, సమన్వయం అనే పనులను గురువులు కాని ఐదుగురు మామూలు విశ్వాసులకు అప్పగించారు. గురువు ఎప్పుడో ఒకసారి వచ్చినా ఉపదేశి (మతబోధకుడు) ఊళ్ళోనే ఉండి ప్రార్థన నడిపించే మన పల్లెల పద్ధతి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. నా దృష్టిలో పటం మీద గీతలు మార్చడం కన్నా ఇదే మెరుగైన పని.

రోముకూ (పోపుగారి వాటికన్‌కూ) గంపగుత్తగా కలపడం నచ్చలేదు. జర్మనీలోని ట్రియర్ మేత్రాసనం తన 887 విచారణలను 35గా చేయబోతే 2019 నవంబరులో వాటికన్ ఆపివేసింది. గురువుల కొరత మాత్రమే చూపి విచారణను రద్దు చేయరాదని, ఆ విచారణకే చెందిన కారణం ఉండాలని 2020 జూలైలో వెలువడిన ఉత్తర్వులో స్పష్టం చేసింది.