కాలు చెప్పదు బిడ్డా, నువ్వే చూడాలె

బిడ్డా,

నౌకరీ ఇడిసిపెట్టి షుగరోళ్ల కాళ్లకు ఏఐతోని ఇన్‌సోల్స్, అంటే చెప్పుల లోపల పాదం కింద పెట్టే మెత్తలు, చేస్తానంటున్నవని మీ నాయిన పరేషానైతున్నడు. నేనైతే మీసం దువ్వుకున్న. చెప్పులు కుట్టినోళ్ల ఇంటి పిల్ల కంప్యూటర్ల చెప్పు గీస్తాంటే సంబురం గాదా? కానీ రాత్రి నిద్ర పట్టలే, అందుకే రాస్తున్న.

స్కాన్ చేసుడు, ప్రెషర్ మ్యాట్ మీద నడిపిచ్చుడు, ఏడ మెత్తగ ఏడ గట్టిగ ఉండాల్నో చూసుడు నాకన్న నీకే ఎక్కువ ఎరుక. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తోని, అదే అరికాలుకు ఆనిచ్చి చూసే సన్నటి నైలాన్ పోగుతోని, స్పర్శ చూడకుండ మాత్రం కొలత తియ్యకు.

నా భయమంతా "బాగుంది సార్" అనే మాట మీదనే. నేను పనిజేసిన వర్క్‌షాపుకు దేవరకొండ దిక్కు నుంచి షుగరున్న ఒక లారీ డ్రైవరు వచ్చిండు. బొటనవేలి మొదట్ల పుండుపడి మానింది. ఓనరు ఇన్‌సోల్ మంచిగనే చేయించిండు, ఆ జాగ మీద బరువు పడకుండ చెక్కిపిచ్చిండు. కొత్త బూట్లకు పైసల్లేవంటే పాత బూట్లల్లనే పెట్టిచ్చిండు. ఇన్‌సోల్ మందానికి పాదం పైకి లేసి, వేళ్లు బూటు పైతోలుకు ఒత్తుకున్నయ్. ఎట్లున్నదంటే "మస్తుగుంది సార్" అన్నడు. అనడా మరి? ఆ కాలుకు ముల్లు దిగినా తెల్వదాయె! మల్లొచ్చేసరికి రెండో వేలు మీద తోలు లేసి, సాక్సుకు చీము అతుక్కుంది. అరికాలు మాత్రం అద్దం లెక్కుంది. వేలు తీసేసిన్రు. ఓనరు "ఇన్‌సోల్‌ల తప్పులేదు" అన్నడు. నిజమే, ఇన్‌సోల్‌ల లేదు.

పుండు మానిన కాలికి నడిచేటప్పుడు లోపల ప్రెషర్ 200 కిలోపాస్కల్స్ దాటొద్దంటరు. అది అరికాలు లెక్క. పైదిక్కు ఎవలు చూస్తరు? ఇన్‌సోల్ ఒక్కటే అమ్మకు, చెప్పుతోని కలిపి ఇయ్యి. తొడిగినంక అరగంట నడిపిచ్చి, విప్పి, వేళ్ల సందులు సుత చూడు. నల్లటి తోలు మీద ఎరుపు కానరాదు. చెయ్యి ఎనక దిక్కు ఆనిచ్చి, రెండు కాళ్ల ఏడి పోల్చుకో.

ఇంకోటి. నీ కంప్యూటర్ ఎవల నడక చూసి నేర్చుకున్నదే? చిన్నప్పటి సంది ఉత్తకాళ్లతోని తిరిగినోళ్లకు వేళ్లు ఎడంగ పరుసుకుంటయ్. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగినోళ్లు అడుగేసే తీరే వేరు. ఆ ఊర్లు తిరుగకుండ మిషన్‌ను నమ్మకు.

మనోళ్లు చెప్పులు గడప బయటనే ఇడుస్తరు గద, ఇంట్ల నీ ఇన్‌సోల్ ఏం పనికొస్తది? ఇంట్లకు ఇంకో జత ఇయ్యాలె. పెద్దమ్మకు చేసిస్తే "వంటింట్ల చెప్పులా!" అని నన్ను నాలుగు తిట్టింది. ఇప్పుడు ఏసుకుంటది, దేవునర్ర కాడ ఇడుస్తది. ఆడ నేను మెత్తటి చాప పరిచిన.

పొద్దుమాపు తిండి మానేసి స్క్రీన్ ముందటనే కూసుంటున్నవంట, అట్లయితే నీకే షుగరొస్తది, పైలం. దసరాకు వచ్చేటప్పుడు స్కానర్ తెచ్చుకో, ముందుగాల పెద్దమ్మ కాళ్లు తియ్యి. పైసలు తక్కువపడితే మీ నాయినను అడగకు, నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దనాయిన