మైకు కంటే ముందు ఇంటింటి జాబితా

చిరంజీవి శ్రీనుకి ఆశీస్సులు.

సముద్రం ఒడ్డు ఊళ్లో ఉద్యోగంలో చేరావు. రాబోయే తుపానుకి జనాన్ని షెల్టరుకు తరలించే పని నీ నెత్తినే పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఏమరుపాటు పనికిరాదు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుపాను 1996 నవంబరు 6న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చాయి.

"ఎంత మొత్తుకున్నా కదలరు, మొండిఘటాలు" అని ఆఫీసులో అంటారు. నమ్మకు. కదలనివాణ్ణి ఇంటికి కట్టేసేది ఏదో ఉంటుంది. అదేమిటో ముందే కనుక్కుని ఇంటి పేరు పక్కన రాసుకో.

చాలా ఇళ్లలో అది పాడి గేదె. గొడ్లను ముందురోజే ఏటిగట్టు మీదికో, మెరక మీదికో తోలించు. కుదరకపోతే కనీసం పలుపు విప్పి వదిలెయ్యమను. కట్టేసిన గొడ్డు నీళ్లు మెడదాకా వస్తే గుంజ దగ్గరే చచ్చిపోతుంది, విప్పింది ఈదుకుంటూ మెరక వెతుక్కుంటుంది. కొమ్ములకు ఇంటికో రంగు పూయించు, తర్వాత ఏ గొడ్డు ఎవరిదని పేచీలుండవు.

వేటకెళ్లేవాళ్లకు పడవే ప్రాణం. అప్పు చేసి కొన్న ఇంజిను ఒడ్డున ఉండగా మనిషిని షెల్టరుకు రమ్మంటే ఎందుకొస్తాడు? పదిమందిని కూడేసి పడవ పైకి లాగించు, ఇంజిను విప్పించి, వలలతో సహా షెల్టరు మేడ మీదికి చేర్పించు. వాటి వెనకాలే అతనూ వస్తాడు.

"ఇలాంటివి ఎన్ని చూళ్లేదు" అనే పెద్దాయన అబద్ధమాడడు. ఆయన చూసింది గాలిని. ఉప్పెన వేరు. "గంటకు ఇన్ని కిలోమీటర్లు" అంటే ఎవరికీ తలకెక్కదు. ఆయన ద్వారబంధం మీదే చెయ్యి పెట్టి "నీళ్లు ఇక్కడిదాకా రావొచ్చు" అని చూపించు. తుపాను దారి మళ్లి ఏమీ కాకపోవచ్చని కూడా దాచకుండా చెప్పు. దాచితే మరుసారి నీ మాట వినరు.

ఆడవాళ్లు "ఇల్లు కనిపెట్టుకుని ఉండాలి" అంటే సగంసార్లు అసలు సంగతి షెల్టరులో మరుగుదొడ్డి. ఆ మాట నీతో అనరు. ముందురోజే వెళ్లి కుళాయి తిప్పు, లోపలికెళ్లి గడియ వేసి చూడు, దీపం ఉందో లేదో చూడు. ఆడవాళ్లకు వేరే గది కేటాయించి, ఆ సంగతి ఇంటింటికీ చెప్పించు.

దొంగల భయానికి రాత్రి గస్తీ పెట్టించు. పాస్‌పుస్తకాలు, ఆధార్, బంగారం, వారానికి సరిపడా బీపీ, షుగరు మాత్రలు ఒకే పాలిథిన్ కవర్లో మూట కట్టించు. నెలలు నిండినవాళ్లను రెండు రోజుల ముందే ఆసుపత్రికి పంపు. మంచాన పడ్డవాళ్లకు ఎవరి ఆటో, ఎత్తడానికి ఎవరెవరో పేర్లతో సహా రాసిపెట్టుకో.

వాతావరణ శాఖ తొలి హెచ్చరికతోనే పని మొదలెట్టు. తుపాను అర్ధరాత్రి తీరం దాటుతుందంటే మధ్యాహ్నం మూడింటికల్లా ఊరు ఖాళీ కావాలి. చెట్లు పడ్డాక ఆటో కదలదు.

ఇంకొకటి. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, ఊరి మీదికొస్తే గాలి ఠక్కున ఆగిపోతుంది. అయిపోయిందనుకుని ఇల్లు చూసొస్తామని బయల్దేరతారు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడుతుంది. ఆ సమయంలో నీ మాట చెల్లదు. ఊళ్లో అందరూ లెక్కచేసే పెద్దమనిషిని ముందే ఒప్పించి, షెల్టరు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసి కూర్చోబెట్టు.