నెమలి ఈకలో రాగి ఉంటుందా?

నెమలి ఈకకు ఆ నీలం, పచ్చ మెరుపు రాగి వల్లే వస్తుందని, అందుకే కాల్చిన బూడిద మందుగా వాడతారని విన్నామని, అది నిజమేనా అని అడిగారు. మా నల్లగొండ వైపు కూడా చాలామందికి ఈ నమ్మకం ఉంది. ఎక్కిళ్లు ఆగకపోతే ఆ బూడిదను తేనెలో కలిపి నాకించేవాళ్లు. మందు సంగతి డాక్టర్లకు వదిలేస్తా. రంగుకు మాత్రం రాగితో సంబంధం లేదు.

నేను స్కూల్లో సైన్స్ చెబుతాను. వానాకాలం చివర్లో మా బత్తాయి తోటలో నెమళ్లు రాల్చిన ఈకలు కావలసినన్ని దొరుకుతాయి. ల్యాబ్‌లో మంటకు చిటికెడు మైలుతుత్తం చూపిస్తే మంట పచ్చగా మారింది, అందులో ఉన్నది రాగే కాబట్టి. ఈక కన్ను దగ్గరి పోగులు పెడితే వెంట్రుకలు కాలిన కంపు, ఒక నల్లటి ఉండ, అంతే. ఇంకొన్ని పోగులను కల్వంలో మెత్తగా నూరించా. నీలం మాయమై గోధుమరంగు పొడి మిగిలింది. పసుపు కొమ్మును ఎంత దంచినా పసుపుగానే ఉంటుంది కదా, ఇక్కడ అలా కాలేదు.

ఎందుకంటే పోగుల లోపల మెలనిన్ (మన జుట్టుకు నలుపునిచ్చే పదార్థం) కడ్డీలు వరుసగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య దూరం 150 నానోమీటర్లకు అటూ ఇటూ. వాటి మీద పడిన వెలుగులో ఏ రంగు తిరిగి మన కంటికి వస్తుందో ఆ దూరమే తేలుస్తుంది: కాస్త తగ్గితే నీలం, పెరిగితే పసుపు. ఆ అమరిక చెదిరితే రంగూ పోతుంది. దసరాకు మనం వెతుక్కునే పాలపిట్ట నీలం కూడా రంగు పదార్థం కాదు, ఈక లోపలి నిర్మాణమే. దాని ఈకల మీద సి.వి.రామన్ 1934లోనే రాశారు.

నిజంగా రాగితో రంగు వచ్చే పక్షి ఆఫ్రికాలోని టురాకో. దాని రెక్కల్లోని ఎరుపు పదార్థం టురాసిన్‌లో దాదాపు 7 శాతం రాగే. 1869లో ఆర్థర్ చర్చ్ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టాడు. అమ్మోనియా కలిపిన నీళ్లలో ఆ ఎరుపు కరిగిపోతుంది కూడా.

మన పక్షులకు రాగి అక్కర్లేదని కాదు. మెలనిన్ తయారుచేసే టైరోసినేజ్ ఎంజైమ్‌కు రాగి కావాలి, అది బాగా తగ్గితే కోళ్ల ఈకలు వెలిసిపోతాయి. అలాగని పుంజు మెరవాలని తాగే నీళ్లలో మైలుతుత్తం కలపకండి, మోతాదు మించితే అది విషం. మంచి దాణాలో కావలసినంత రాగి ముందే కలిపి ఉంటుంది.