నాటకం చూసి కథ రాయవచ్చా?

ప్రశ్న: నేను కథలు రాస్తాను. మంచి నాటకం చూసి వచ్చిన రాత్రి రాయాలనే ఆవేశం ముంచుకొస్తుంది. తీరా తెల్లవారి చదువుకుంటే, నా కథ ఆ నాటకానికే నీళ్ళు కలిపినట్లు ఉంటుంది. ఇక ప్రదర్శనలు చూడటం మానేయాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: చూడటం మానకండి. ఆ రాత్రి రాయడం మాత్రం మానండి.

నా సంగతి చెబుతాను. ఒక నాటకంలో తండ్రి వేషం కట్టిన నటుడి చొక్కా గుండీ ఊడి వేదిక మీద దొర్లింది. కూతురిని ఇంట్లోంచి వెళ్ళగొట్టే ఘట్టం అది. ఆయన సంభాషణ ఆపకుండానే గుండీని కాలితో తొక్కిపెట్టి, అదను చూసి వంగి, జేబులో వేసుకున్నాడు. కూతురిని పొమ్మంటున్న మనిషి గుండీని పోగొట్టుకోలేకపోయాడు! అది రచయిత రాసిందీ కాదు, దర్శకుడు చెప్పిందీ కాదు. ఇంటికొచ్చి ‘గుండీ, కాలు, జేబు’ అని రాసి పెట్టుకున్నాను, అంతే. ఏడాది తర్వాత అది కథైంది. అందులో తండ్రీ కూతుళ్ళు లేరు. పోయిన భర్త చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చునే ముసలావిడ ఉంది. నాటకం కథ అడిగితే ఇప్పుడు సగం కూడా చెప్పలేను.

మీరు కథను వెంట తెచ్చుకుంటున్నారు. అది వాళ్ళది. మీరు కుర్చీలో ఉలిక్కిపడిన క్షణం ఒక్కటే మీది.

వేడి మీదే పని కానిచ్చినవాళ్ళూ ఉన్నారు. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ సంగీత కచేరీ విన్న చిత్రకారుడు కాండిన్‌స్కీ కొద్ది రోజుల్లోనే దాన్ని బొమ్మ కట్టేశాడు. బొగ్గుతో గీసుకున్న చిత్తుల్లో పియానో, శ్రోతలు పోల్చుకోగలిగేలా ఉంటారు. రంగుల్లోకి వచ్చేసరికి పియానో నల్లటి ముద్దయింది, దాని పక్కన పసుపు వెల్లువెత్తింది. ఆయనకో వెసులుబాటు ఉంది: చెవితో విన్నదాన్ని రంగులో పెట్టాలి గనుక కాపీ కొడదామన్నా కుదరదు. మాటలు విని మాటలే రాసే మనకే ఆ గండం. అందుకే కథ మొదలెట్టే రోజుల్లో నేను నాటకాలకు దూరంగా ఉండి నాట్య ప్రదర్శనలకు వెళతాను. నాట్యంలో నాకు ఓనమాలు రావు, అదీ ఒకందుకు మంచిదే.

ఈసారి మూడు మాటలకు మించి రాసుకోకండి. నెల తర్వాత తీసి చూస్తే అవి వెలవెలబోవచ్చు. అప్పుడు చింపేయండి. నా సొరుగులో అలాంటి కాగితాలు చాలానే ఉన్నాయి, చింపడానికి మనసొప్పక.