బియ్యం ఇచ్చాం, గిన్నె మరిచాం

బందరు

అమ్మలూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. ఫోన్ చేసి చెప్పచ్చు, కానీ ఇలాంటివి రాస్తేనే నాకు కుదురుగా వస్తాయి. పాయకాపురంలో ఇల్లు సర్దుకోవడం అయిపోయిందనీ, ఆఫీసు పని ఇంటినుంచే కాబట్టి సాయంత్రాలు కాస్త తీరిక దొరుకుతోందనీ రాశావు. "బెజవాడలో ముప్ఫయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పావు కదా పెద్దమ్మా, సేవ చెయ్యడానికి ఏదైనా మంచి సంస్థ పేరు చెప్పు, చేరిపోతాను" అన్నావు. చదివి ఎంత సంతోషించానో. అయినా పేరు మాత్రం ఇప్పుడు చెప్పను. ముందు నా పంతొమ్మిదో ఏటి సంగతి ఒకటి విను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. కాలేజీలో జాతీయ సేవా పథకం దళం ఉండేది. మా మేడమ్ వెంట పదిమంది ఆడపిల్లలం ఆరో రోజున లారీ ఎక్కి అవనిగడ్డ వెళ్లాం. ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన బియ్యం బస్తాలు మా లారీలో ఉన్నాయి. ఆ బస్తాలు చూసుకుని ఎంత గర్వపడ్డామో చెప్పలేను. అవనిగడ్డ దాటాక ఒకచోట వరసగా నిలబెట్టి తలా నాలుగు శేర్లు కొలిచి పోశాం. ఒక ముసలమ్మ పమిటకొంగులో బియ్యం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "ఇంకా కావాలా అవ్వా?" అన్నాను. "ఇయ్యి ఎందులో వండమంటావమ్మా?" అంది.

గిన్నె లేదు. పొయ్యి లేదు. పుల్లలు తడిసిపోయాయి, అగ్గిపెట్టె లేదు. బావుల నిండా సముద్రపు ఉప్పునీళ్లు. మేం తెచ్చింది తిండి అనుకున్నాం, వాళ్ల చేతిలో అది పచ్చి గింజలు. ఎవరినైనా ఒక్క మాట అడిగివుంటే బియ్యం సగం తగ్గించి సత్తు గిన్నెలూ, అగ్గిపెట్టెలూ, మంచినీళ్లూ పట్టుకెళ్లేవాళ్లం. అడగాలన్న ఆలోచనే రాలేదు మాకు. ఇవ్వడానికి వెళ్తున్నవాళ్లం కదా, మనకి తెలీదా అనుకున్నాం. ఇప్పటికీ బియ్యం కడుగుతున్నప్పుడు ఆ ముసలమ్మ గుర్తొస్తుంది నాకు.

నలభై ఏడేళ్ల తరువాత, 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మీ పాయకాపురం, సింగ్‌నగర్ మునిగినప్పుడు అదే మళ్లీ చూశాను. మా ఇల్లు మునగలేదు. నీళ్లు కాస్త తగ్గాక వెళ్లాను. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు మెయిన్ రోడ్డు మీదే గుట్టలుగా పడి ఉన్నాయి. నడుము లోతు నీళ్లున్న లోపలి సందులకు పోయినవి తక్కువ. తెచ్చినవాళ్లది మంచి మనసే, కాదనను. వాళ్లకు ఆ సందులు తెలియవు. తెలిసినావిడ ఒకరు ఉన్నారు, అక్కడి ఆశా కార్యకర్త. ఆవిడ చేతిలో ఒక తడిసిన నోటుబుక్కు. ఏ ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఉంది, ఎవరికి డయాలసిస్ తప్పిపోయింది, ఏ మేడమీద మంచం దిగలేని తాతగారు ఉన్నారు, అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ ఇల్లూ మునిగింది. అయినా తిరుగుతోంది. నలుగురు కుర్రాళ్లు తెలివిగా ఆవిడ వెనకే నడిచారు, ఆవిడ ఎక్కడ చెబితే అక్కడ దించారు. ఆ వారంలో నేను చూసినవాటిల్లో అసలైన సాయం అదే.

అందుకే సంస్థ పేరు చెప్పలేదు. నీ వీధిలో ఇప్పటికే బరువు మోస్తున్నవాళ్లు ఉంటారు తల్లీ. వాళ్లెవరో కనుక్కుని, ఒక పక్క నువ్వు పట్టుకో. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, గవర్నమెంటు బడి హెడ్మాస్టరు, శాఖా గ్రంథాలయం చూసేవాళ్లు, తెల్లవారకముందే మీ వీధి ఊడ్చే అమ్మాయి. వీళ్లలో ఇద్దరితో ఈ నెలలోనే మాట్లాడు. "నేనేం చెయ్యగలను" అని అడగకు. అలా అడిగితే మొహమాటపడి "ఏదో మీ ఇష్టం మేడమ్" అంటారు, నువ్వు బిస్కెట్ ప్యాకెట్లు పంచి వచ్చేస్తావు. "మీకు చెయ్యాలని ఉండీ చెయ్యడానికి తీరని పని ఏది?" అని అడుగు. ఈ ప్రశ్నకి జవాబు వెంటనే రాదు. రెండోసారి వెళ్లినప్పుడు వస్తుంది. ఒక్కసారి వచ్చిపోయేవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు.

బడిలో అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు, నేనూ అక్కడిదాన్నే కనుక. నాలుగూ అయిదూ తరగతులకు వచ్చినా చదవడం రాని పిల్లలు ఉంటారు. ఒక టీచరు రెండు మూడు తరగతులు చూసుకునేచోట ఆ నలుగురు పిల్లల దగ్గర విడిగా కూర్చోవడం ఆ మనిషి వల్ల అయ్యే పని కాదు. అది నీ వల్ల అవుతుంది. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకో, బడివేళల్లోనే, నలుగురికీ కనిపించే వరండాలోనే కూర్చో. పిల్లలతో ఒంటరిగా గదిలో కూర్చోవద్దు. అది పిల్లలకీ మంచిది, నీకూ మంచిది.

ఇక ఎలా చెప్పాలో విను. ఆ పిల్లలు అ ఆ ఇ ఈలు పాటలా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. మధ్యలో ఒక్క 'థ' చూపించు, ఆగిపోతారు. వరస నోటికొచ్చింది గానీ అక్షరం కంటికి అందలేదన్నమాట. నువ్వు మళ్లీ అ ఆల దగ్గర మొదలుపెట్టావో, పదేళ్లవాడికి తల కొట్టేసినట్టు ఉంటుంది, మర్నాడు రాడు. వాడి పేరు రాయించు. వాళ్లమ్మ పేరు. బస్సు మీద బోర్డు, కిరాణా కొట్టు బోర్డు, వాడు రోజూ కొనుక్కునే చిక్కీ కాగితం. ఆ తరువాత తల, వల, పలక, గంప. గుణింతం పట్టుబడ్డాక ఒత్తులకి వెళ్లు, ముందు కాదు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు చాలు. వారానికి రెండు రోజులు తప్పకుండా వెళ్తే ఒక ఏడాదిలో కథల పుస్తకం కూడబలుక్కుని చదువుతారు. నా అనుభవంలో మొద్దు పిల్లలంటూ ఎవరూ లేరు, పక్కన కూర్చునేవాళ్లు లేని పిల్లలు ఉన్నారు.

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. నువ్వున్న ఊరు మామూలు ఊరు కాదు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారు తెలుగునాట ఉన్న గ్రంథాలయాలవాళ్లందరినీ మొదటిసారి ఒకచోట కూర్చోబెట్టింది బెజవాడలోనే. పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టి రేవు రేవుకీ తిప్పించారు. గ్రంథాలయానికి రాలేనివాళ్ల దగ్గరికి పుస్తకమే పోయింది! ఇప్పటికీ మనం కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి ఒకసారి వెళ్లు. పోటీ పరీక్షల పిల్లలతో కుర్చీలన్నీ నిండి ఉంటాయి, పిల్లల పుస్తకాల బీరువా మాత్రం తాళం వేసి ఉండచ్చు. ఆ తాళం తీయించి, శనివారం సాయంత్రం ఒక గంట పిల్లలకి కథ చదివే మనిషిగా నువ్వు నిలబడితే ఇంకే బోర్డూ కట్టనక్కర్లేదు.

నువ్వు కంప్యూటర్లు తెలిసినదానివి, అంధ విద్యార్థులకు పరీక్ష రాసిపెడతానని కూడా రాశావు. మంచి ఆలోచనే, కానీ ఒక చిక్కుంది. స్క్రైబ్‌గా కూర్చునేవాళ్ల చదువు పరీక్ష రాస్తున్నవాళ్ల చదువుకన్నా తక్కువ ఉండాలని నియమం. పదో తరగతి పరీక్షకి తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తారు. నీ బీటెక్‌తో చాలా పరీక్షలకు నువ్వు పనికిరావు. నువ్వు చెయ్యగలిగింది మరోటి ఉంది: మీ అపార్టుమెంటులోనే ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలు ఉంటారు కదా, వాళ్లని తయారుచెయ్యి. ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవాలి, మార్కులెన్నో చెప్పాలి, అడిగితే మళ్లీ చదవాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాసింది చదివి వినిపించాలి. గంటకి ఇరవై నిమిషాలు అదనపు సమయం ఇస్తారని ఆ పిల్లలకీ తెలిసుండాలి. మాట ఇచ్చాక జ్వరమొచ్చినా ఇంకొకరిని చూపించకుండా మానకూడదు. పరీక్ష రోజు పొద్దున్న ఫోన్ ఎత్తకపోతే అవతలివాళ్లకి ఒక ఏడాది పోతుంది.

నేను రిటైరయ్యాక ఒకబ్బాయికి ఇంటి దగ్గర అలవాటు పరీక్షలు రాసిపెట్టేదాన్ని. ఒకసారి వాడు చెప్పిన వాక్యం కాస్త వంకరగా ఉంటే తెలుగు పంతులమ్మను కదా, చెయ్యి ఊరుకోలేదు, సరిచేసి రాశాను. చదివి వినిపించినప్పుడు వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "బాగుంది టీచర్ గారూ, కానీ అది నేను చెప్పింది కాదు కదండీ" అన్నాడు. సాయం పేరుతో వాడి నోట్లోని మాట తీసేసుకున్నాను నేను. ఆ రోజే ఆ వాక్యం కొట్టేసి వాడిది వాడిలాగే రాశాను. నువ్వు స్క్రైబ్‌లను తయారుచేసేటప్పుడు అందరికన్నా ముందు ఇదే చెప్పు.

పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇవ్వడం కూడా అంధ విద్యార్థులకి పెద్ద ఆసరా. తెలుగు పాఠ్యపుస్తకాలు వినడానికి ఇప్పటికీ సరిగ్గా దొరకవంటారు వాళ్లు. నీ గొంతు బాగుంటుంది. ఫ్యాన్ ఆపి చదువు.

మీ అపార్టుమెంటులో పెద్దవాళ్ల తలుపులు కూడా తట్టు. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్లు నవంబరులో బతికున్నట్టు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. వయసు మీద పడ్డాక వేలిగీతలు అరిగిపోయి మెషీను పట్టదు. పాపం, చెమటలు కక్కుకుంటూ మళ్లీమళ్లీ వేలు పెడుతూనే ఉంటారు. ఇప్పుడు ఫోన్ కెమెరాలో ముఖం చూపించి ఇవ్వచ్చు, చాలామంది పెద్దవాళ్లకి అది తెలియదు. నవంబరు మొదటి ఆదివారం కింద సెల్లారులో కుర్చీ వేసుకుని కూర్చో. ఒక్క జాగ్రత్త: వాళ్ల ఓటీపీ వాళ్లచేతే చదివించి వాళ్లచేతే కొట్టించు, ఏటీఎం పిన్ చెప్పబోతే వద్దని ఆపెయ్యి. నీమీద వాళ్లకి నమ్మకం లేక కాదు, రేపు ఇంకెవరైనా అడిగితే చెప్పకూడదని వాళ్లకి అలవాటు కావాలి.

చలివేంద్రం పెడదామా అని మీ ఆయన అడిగాడన్నావు. కొత్తది వద్దని చెప్పు. బెజవాడలో ఉగాది వెళ్లగానే ప్రతి సెంటర్లో పందిరీ, బ్యానరూ లేస్తాయి. రోహిణి కార్తె వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండింటికే చాలా కుండలు ఖాళీ. మీ వీధి చివర ఉన్న ఒక్కదానికి మే నెలంతా పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి నీళ్లు పోయించే పూచీ మీ ఇద్దరూ తీసుకోండి. రోజూ పొద్దున్న కుండ కడిగించండి, పొడుగు కాడ గరిటె కట్టండి, మూత ఉండాలి.

రక్తం ఇస్తానన్నావు కదా, అదీ వేసవిలోనే ఇవ్వు. కాలేజీలకు సెలవులు, శిబిరాలు తగ్గిపోతాయి, తలసీమియా పిల్లలకి మాత్రం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఆడవాళ్లం నాలుగు నెలలకోసారి ఇవ్వచ్చు. హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలి. నువ్వు చిన్నప్పటినుంచీ తిండి సరిగ్గా తినవు, ముందు పరీక్ష చేయించుకో. తక్కువుంటే బెంగపడకు, మునగాకు, నువ్వుండలు తింటూ డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు వేసుకో.

ఫోటోల సంగతి కూడా నిష్ఠూరంగానే చెబుతున్నాను. ఎవరి చేతిలోనైనా ఏదైనా పెడుతూ ఫోటో దిగవద్దు, పిల్లల మొహాలు స్టేటస్‌లో పెట్టవద్దు. బుడమేరు వరదలో ఒకావిడ పాలప్యాకెట్టు అందుకుంటూ, కెమెరా చూసి కొంగు మొహం మీదికి లాక్కుంది. అంతకు పదిహేను రోజుల ముందు దాకా ఆవిడ సొంత టిఫిన్ బండిమీద నలుగురికి పెట్టిన మనిషి.

మొదట్లో ఉత్సాహం కొద్దీ వారమంతా పెట్టుకోకు. వారానికి ఒకటి రెండు రోజులు, గంటో గంటన్నరో, ఒకే చోట. ఆర్నెల్లు అలా గడిచాక ఇంకోటి చూసుకుందువుగాని. ఎప్పుడైనా మానెయ్యాల్సి వస్తే చెప్పి మానెయ్యి. నీకోసం గేటు దగ్గర నిలబడి చూసే పిల్లలుంటారు, చెప్పకుండా మానేస్తే వాళ్లు తామేదో తప్పు చేశామనుకుంటారు.

మీ పక్క సందులో అంగన్‌వాడీ ఉందన్నావు కదా. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని పడుకున్న వేళకి వెళ్లు, అప్పుడే ఆ టీచరుకి కాస్త ఊపిరి తిరుగుతుంది. ఈ గురువారం వీలవుతుందా? ఉత్త చేతులతోనే వెళ్లు, ఏమీ పట్టుకెళ్లకు. వచ్చాక రాత్రి ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే, మేలుకునే ఉంటాను. ఆవిడ ఏం అడిగిందో చెబుదువుగాని.

ఆశీస్సులతో,
పెద్దమ్మ